ఐదో పెల్లెట్

జూన్ 7, శనివారం

వచ్చింది.

డబ్బా బరువు చూసి రేఖ నేను ట్రెడ్‌మిల్ కొన్నాననుకుంది. రేఖ నా ఫ్లాట్‌మేట్, ఒక కంపెనీలో హెచ్.ఆర్. ప్రపంచంలోని ప్రతి వస్తువునూ ముందు పాలసీ దృష్టితో చూస్తుంది. ఎయిర్ రైఫిల్ కిట్ అని చెప్పాను. అంటే తుపాకీయా అంది. తుపాకీ కాదు, గాలి తుపాకీ, ఇంకా అదీ కాదు, అది కాబోయే ముక్కలు అన్నాను. మిక్సీ మూత సరిగ్గా పెట్టడం రాదు గానీ నువ్వు తుపాకీ బిగిస్తావా కృష్ణప్రియా అంది. ఇది అప్రస్తుతం కనుక రికార్డుల నుంచి తొలగించడమైనది.

చరిత్ర కోసం రాసుకుంటున్నాను. కాలేజీలో ఎన్.సి.సి.లో మూడేళ్లు రైఫిల్ పట్టాను. బాగానే కొట్టేదాన్ని. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం వచ్చాక గురి చూసి కొట్టడానికి క్యాబ్ ఓటీపీ తప్ప ఏమీ మిగల్లేదు. రెడీమేడ్ రైఫిల్ కొనొచ్చు. కానీ కిట్ తెప్పించుకుని, చెక్కను మనమే నున్నగా చేసి, మనమే బిగించుకుంటే అది మన మాట వింటుందని ఆన్‌లైన్ గ్రూపులో పెద్దలు సెలవిచ్చారు. ఈ రకానికి లైసెన్సు అక్కర్లేదని చెప్పి, అమ్మినవాడు ఆధార్ కాపీ తీసుకున్నాడు.

గేటు దగ్గర కుమార్ పార్సిల్ ఎంట్రీ రాసుకుంటూ ఇండ్ల ఏమున్నది మేడమ్ అని అడిగాడు. కుమార్ మా సెక్యూరిటీ గార్డు, వనపర్తి వైపు మనిషి. ఆటల సామాను అన్నాను. గింత బరువేంది, కబడ్డీ టీమునే ప్యాక్ చేసి పంపినట్టున్నరు అంటూ లిఫ్ట్ దాకా మోసుకొచ్చాడు.

కిట్ కట్టబోయే ఔత్సాహికులకు మొదటి సలహా: విప్పే ముందు కింద తెల్ల దుప్పటి పరవండి. జారిపోయిన స్క్రూ పిలిస్తే రాదు.

జూన్ 8, ఆదివారం

రోజంతా ఉప్పుకాగితం. చెక్క నున్నబడింది, నా వేళ్లు గరుకెక్కాయి. ఎక్కడా నష్టం లేదు, బదిలీ మాత్రమే జరిగింది.

మధ్యాహ్నం నర్సమ్మ తలుపు కొట్టింది. ఏ, బి బ్లాకుల కారిడార్లు తుడిచేది ఆమే. ఏంది మేడమ్, ఇంట్ల వడ్రంగి పని పెట్టిన్రా, పొడి అంతా కారిడార్ల పడ్తున్నది, నేను తుడుసుడు మీరు పోసుడు అయితున్నది అంది. క్షమాపణ చెప్పాను. తర్వాత లోపలికి తొంగి చూసి, చెక్కను అరచేత్తో నిమిరి, మంచిగైంది గని తడిబట్టతో తుడువున్రి, పొడి ఉంటే నూనె పట్టదు అంది. వాళ్ల నాయన నాగళ్లు చెక్కేవాడట. గ్రూపులో పెద్దలెవరూ ఈ మాట చెప్పలేదు.

జూన్ 11, బుధవారం

అవిసె నూనె రెండో పూత. స్టాండప్ మీటింగులో నా చేతుల వాసనకు టీమ్ లీడ్ ఆవకాయ పెట్టావా అని అడిగాడు.

జూన్ 14, శనివారం

బిగించాను. ఐదు గంటలు పట్టింది. ఒక వాషర్ మిగిలింది. అది అదనంగా ఇచ్చినదని తీర్మానించి తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాను.

ట్రిగ్గర్ దగ్గర ఒక బుల్లి స్క్రూ ఉంది. పరీక్షించేదాకా దాన్ని ముట్టుకోవద్దని మ్యానువల్‌లో ఎర్ర అక్షరాలతో రాశారు. ఎర్ర అక్షరాలు నాకు చిన్నప్పటి నుంచీ ఆహ్వాన పత్రికల్లాగే కనిపిస్తాయి. కొంచెం తిప్పాను. ట్రిగ్గర్ వెన్నలా అయింది.

లింగమూర్తి సార్‌కి ఫొటో పంపాను. కాలేజీలో మాకు రైఫిల్ నేర్పింది ఆయనే. ఇప్పుడు తెల్లాపూర్ అవతల చిన్న ఎయిర్ రైఫిల్ రేంజ్ నడుపుతున్నారు. వెంటనే ఫోన్ వచ్చింది. మెచ్చుకుంటారనుకున్నాను. ఇంట్ల కాల్చకు అనే మాటతో మొదలుపెట్టారు. చేత్తో బిగించినదాని ట్రిగ్గర్ ముందు నేను చూడాలె, మొదటి దెబ్బ నా ముంగట పడాలె, గురి ఎనుక ఏమున్నదో తెల్వకుంట వేలు పెట్టొద్దు, రేపు పదింటికి తీస్కరా అన్నారు. సరే సార్ అన్నాను. నాచేత మూడుసార్లు అనిపించారు.

జూన్ 15, ఆదివారం, ఉదయం 9:20

సార్ మెసేజ్. వానకు షెడ్డు కారుతోందట. వచ్చే ఆదివారం రమ్మన్నారు.

అంటే ఏడు రోజులు. మెరుస్తూ, నూనె వాసన వేస్తూ, రైఫిల్ మంచం మీద పడుకుని నన్నే చూస్తోంది.

సాయంత్రం 4:50

ఒక శాస్త్రీయ ఆవిష్కరణ. మా ఓనర్‌కి వాస్తు పట్టింపు. ఈ ఫ్లాట్‌లో వంటింటి వెనక యుటిలిటీ తలుపు, వంటిల్లు, హాలు, బాల్కనీ తలుపు ఒకే వరసలో ఉంటాయి. టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా పది మీటర్లు. పోటీల్లో కాల్చే దూరం. దీన్ని దైవ నిర్ణయం అనక ఏమనాలి.

రేఖ సినిమాకి వెళ్లింది. అట్టపెట్టెలో పాత జీన్సులు, పేపర్ బ్యాగులు కూరి, ముందు టార్గెట్ అతికించి, బాల్కనీ ముందు స్టూలు మీద పెట్టాను. పెట్టె వెనక గాజు తలుపు. గురి తప్పి గాజు పగిలితే ఓనర్ అడ్వాన్సులో కోస్తాడు. అందుకని తలుపు పూర్తిగా పక్కకి జరిపాను. నా ముందుచూపుకి నన్ను నేనే అభినందించుకున్నాను.

సాయంత్రం 5:45

ఐదు పెల్లెట్లు, అంటే బుల్లి సీసపు గుళ్లు, కాల్చాను. మొదటి నాలుగూ టార్గెట్ నలుపు లోపలే. చేతులు ఇంకా గుర్తు పెట్టుకున్నాయి.

ఐదోది నేను కాల్చలేదు. మోకాలు సర్దుకుంటున్నాను, వేలు ఆనింది అంతే, పేలిపోయింది. గొట్టం కొంచెం పైకి ఉన్నట్టుంది. పెట్టె కదల్లేదు. అయినా పెట్టెలోనే ఉంటుంది. పెద్ద పెట్టె.

సాయంత్రం 6:05

పెట్టె కోశాను. జీన్సుల మడతలన్నీ దులిపాను. నాలుగు.

మళ్లీ దులిపాను. నాలుగు.

సాయంత్రం 6:30

బాల్కనీకి పావురాల నెట్ ఉంది. మనిషెత్తున ఒకచోట ఒక్క దారం తెగి ఉంది. అంచులు కొత్తగా ఉన్నాయి. పాతదే అయి ఉండొచ్చు. వేలు పెట్టి చూస్తే ఆ కన్నం లోంచి ఎదురుగా బి బ్లాక్ ఆరో అంతస్తు కారిడార్ కనిపిస్తోంది. మాదీ ఆరే.

కారిడార్‌లో ఒక బకెట్ పడి ఉంది. నీళ్లు ఒలికి ఉన్నాయి.

సాయంత్రం 7:10

అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ వెంకటనారాయణ గారు పెట్టారు. హౌస్‌కీపింగ్ నర్సమ్మ గారికి బి బ్లాక్ ఆరో అంతస్తులో ఎడమ భుజం కింద దెబ్బ తగిలిందండి, సెక్యూరిటీ అబ్బాయి పావురాలను తోలుతుంటే రాయి తగిలినట్టు తెలిసిందండి, క్లినిక్‌కి పంపించాం, ఎవరూ ఆందోళన పడవద్దండి అని.

నలభై రెండు మంది దండం ఎమోజీ పెట్టారు. నేనూ పెట్టాను.

జూన్ 16, సోమవారం

పొద్దున గేటు దగ్గర కుమార్ మొహం చూడలేకపోయాను. అతనే పిలిచాడు. నేనే కొట్టిన మేడమ్ అంటూ ఏడ్చాడు. సజ్జల మీద పావురాలను తోలమని సెక్రటరీ సార్ గులేరు, అంటే ఉండేలు, కొనిచ్చాడట. పెట్టిన గురి పెట్టినట్టే ఉన్నది మేడమ్, రాయి ఇడిసిన, గంతల్నే పైకెల్లి నర్సమ్మక్క అమ్మా అని వొర్రింది, రాయి కోసం పొద్దుగూకేదాక ఎతికిన, దొరకలే అన్నాడు.

ఎందుకు దొరకలేదో నాకు తెలుసు.

సందులోని క్లినిక్‌లో రెండు కుట్లు వేసి పంపారట. ఎక్స్‌రే తీశారా అని అడిగాను. రాయి దెబ్బకు ఎక్స్‌రే ఎందుకు మేడమ్, రాయేమన్న లోపల ఉంటదా అన్నాడు. రాత్రి నర్సమ్మ ఇంటికి పోయి కాళ్లు పట్టుకున్నాడట. లే పిలగా, కావాల్నని కొట్టినవా అందట ఆమె.

అంటే నేరం ఒప్పుకున్న మనిషి ఉన్నాడు. క్షమించిన మనిషి ఉంది. ఫైలు మూసేశారు. నేను నోరు తెరవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

హ్యావ్ ఎ గుడ్ డే కుమార్ అని చెప్పి క్యాబ్ ఎక్కాను.

జూన్ 17, మంగళవారం

మిగిలిన పెల్లెట్లలో ఒకటి తీసి వంటింటి త్రాసు మీద పెట్టాను. సున్నా చూపించింది.

జూన్ 18, బుధవారం

నర్సమ్మ పనికి వచ్చింది. కుడిచేత్తోనే తుడుస్తోంది. ఎడమచేయి కొంగులో పెట్టుకుంది. లిఫ్ట్ దగ్గర ఎదురుపడ్డాం. ఎలా ఉంది అన్నాను. సలుపుతున్నది మేడమ్, సూది పెట్టి కెలికినట్టున్నది, గోలీలిచ్చిన్రు అంది. చేయి చూపించమన్నాను. కట్టు చుట్టూ ఉబ్బి, చర్మం బిగుసుకుని మెరుస్తోంది.

పెద్ద ఆసుపత్రికి వెళ్దాం, నేను తీసుకెళ్తాను అన్నాను. మీకెందుకు మేడమ్ పరేషాను, మీరేం జేసిన్రు అంది.

లిఫ్ట్ వచ్చింది. ఎక్కాను. నేను వృత్తిరీత్యా టెస్టర్ని. ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకుంటాను. ఈ రోజు పదకొండు పట్టాను. ఒక్కొక్కదానికి ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, దాచితే ఏమవుతుందో రాశాను.

జూన్ 19, గురువారం, సాయంత్రం 5:40

నర్సమ్మ రాలేదు. కుమార్ చెప్పాడు. జరమంట. ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కి కదుల్తలేవంట. శనివారం అసోసియేషన్ మీటింగులో కుమార్‌ని తీసేయడం ఖాయమట. తీసేస్తే తీసేసిన్రు మేడమ్, అక్క చెయ్యి మంచిగైతే చాలు అన్నాడు. తర్వాత మెల్లగా, చిన్నప్పటి సంది గులేరు కొడ్తున్న, గురి తప్పుడు ఎరుక లేదు, నా చెయ్యి గింత ఖరాబైందా అని నిద్ర పడ్తలేదు అన్నాడు.

ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో లింగమూర్తి సార్ ఫోన్. ఆదివారం వస్తున్నవా అని. వస్తాను అనబోయి, సార్, పెల్లెట్ ఒంట్లో ఉండిపోతే ఏమవుతుంది అని అడిగాను.

ఎవరి ఒంట్ల అన్నారు. ఊరికే అడిగాను సార్ అన్నాను. ఇది ఊరికే అడిగే మాట గాదు బిడ్డా అన్నారు. సీసం అది, తీయకుంటే చీము పడ్తది, నరం మీద ఒత్తితే వేళ్లు పోతయి, డాక్టర్‌కు ఉన్నట్టే తెల్వకపోతే ఎట్ల తీస్తడు అన్నారు. ఉన్నదని తెలిసినోళ్లు ఎంతమంది అని అడిగారు.

ఒక్కదాన్నే సార్ అన్నాను.

అయితే ఫోన్ పెట్టేసి లే అన్నారు.

లేస్తున్నాను.

జూన్ 20, శుక్రవారం, మధ్యాహ్నం, ఆసుపత్రి వరండా

వరసగా రాస్తాను, లేకపోతే తర్వాత నాకు అనుకూలంగా మార్చేస్తాను.

పుప్పాలగూడ పాత ఊళ్లో, మా టవర్ల వెనకే, రేకుల గది. నిన్న ఆరున్నరకి వెళ్లాను. నర్సమ్మ చాప మీద పడుకుని ఉంది. కుమార్ డ్యూటీ దిగి, పాలు పట్టుకుని అప్పుడే వచ్చాడు. నేను దారంతా మాటలు సిద్ధం చేసుకున్నాను. మొదట రైఫిల్ అంటే ఏమిటో, తర్వాత ప్రమాదం ఎలా జరిగిందో, తర్వాత పశ్చాత్తాపం. గడప దాటగానే అన్నీ పోయాయి. నర్సమ్మా, నీకు తగిలింది రాయి కాదు, నా ఎయిర్ రైఫిల్ పెల్లెట్ అన్నాను.

ఇంకెవరి గురించో చెబుతున్నాననుకుంది. ఎవరికి తగిలింది మేడమ్ అంది. మళ్లీ చెప్పాను. ఆదివారం ఐదున్నర దాటాక, నా బాల్కనీ లోంచి, నీకు.

పాల గిన్నె కింద పెట్టి కుమార్ నా ముందుకి వచ్చాడు. అరిచి ఉంటే బాగుండేది. సోమవారం నేను నీ ముంగట ఏడ్సినప్పుడు నీకు ఎరుకేనా అని అడిగాడు. ఎరుకే అన్నాను. మంగళవారం ఎరుకేనా. ఎరుకే. నాలుగు దినాల సంది గేటు కాడ నాకు గుడ్ మార్నింగ్ చెప్పుకుంట పోయినవ్ గద అన్నాడు. ఔను అన్నాను. అతను బయటికి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

నర్సమ్మ నన్ను తిట్టలేదు. అది ఇప్పుడున్నదా లోపల అని మాత్రం అడిగింది. ఉంది అన్నాను. కుడిచేత్తో నేల ఆనుకుని లేచి, కొంగు సర్దుకుని, నడువ్ అంది. మేడమ్ అనలేదు.

పెద్ద ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలో బూడిదరంగు ఎముక పక్కన తెల్లటి చుక్క. మినపగింజంత. దగ్గరగా చూస్తే డమరుకంలా నడుము సన్నగా ఉంది. నాకు ఆ ఆకారం బాగా తెలుసు. ఇదేంటి అని డ్యూటీ డాక్టర్ ఆమెను అడిగాడు. నేను చెప్పాను. ఇది పోలీసు కేసుగా రాయాలి, తెలుసా అన్నాడు. రాయండి అన్నాను. పేరు అడిగాడు. కృష్ణప్రియ అని రాసుకుని, ఎప్పుడు తగిలింది అని అడిగాడు. ఆదివారం అన్నాను. అతను క్యాలెండర్ వైపు చూశాడు. నర్సమ్మ కూడా అటే చూసింది.

ఈ ఉదయం తీసేశారు. చీము కూడా తీశారు. జ్వరం దిగింది. వేళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. నరం నలిగింది. నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే అని మొదలుపెట్టి ఆపేశాడు డాక్టర్. ఆపకుండా ఉంటే వినడానికి సిద్ధంగానే ఉన్నాను.

జూన్ 21, శనివారం

స్టేషన్. ఎస్.ఐ. గారు మర్యాదగానే ఉన్నారు. రైఫిల్ పంచనామా రాసి తీసుకున్నారు. మిగిలిన వాషర్ కూడా కవర్‌లో వేశారు. స్టేట్‌మెంట్ నా చేత్తో రాయమన్నారు. చదివి, పెట్టె వెనక తలుపు ఎందుకు తెరిచావమ్మా అని అడిగారు. గాజు పగలకుండా అన్నాను. పెన్ను కింద పెట్టారు. మళ్లీ చెప్పు అన్నారు. గాజు పగలకుండా సార్ అన్నాను. పక్కనున్న కానిస్టేబుల్ నా వైపు చూడటం మానేసి కిటికీ వైపు చూశాడు.

కేసు రాసి, పూచీకత్తు మీద పంపారు. రేఖ వచ్చి సంతకం పెట్టింది. దారిలో, మీ ఆఫీసులో నువ్వే చెప్పు, వాళ్లకు తెలిసేదాకా ఆగకు, ఇది హెచ్.ఆర్.గా చెప్పడం లేదు అంది.

సాయంత్రం మీటింగ్. కుమార్‌ని తీయడం లేదు. వెంకటనారాయణ గారు నాతో, చదువుకున్న పిల్లవి కదమ్మా, ఆ కుర్రాడి మీద పెట్టి ఊరుకున్నావేంటమ్మా అన్నారు. గులేరు కొనిచ్చింది మీరే కదండీ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగాను. నెలాఖరుకి ఫ్లాట్ ఖాళీ చేయించాలని కొందరు, వచ్చే నెలాఖరుకి అని కొందరు. వచ్చే నెల వాళ్లు గెలిచారు.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర కుమార్ ఆపాడు. ఫ్లాట్ నంబర్ అడిగాడు. చెప్పాను. విజిటర్ల పుస్తకంలో రాసుకుని, పోవచ్చు అన్నాడు.

జూన్ 23, సోమవారం

ఆఫీసులో చెప్పాను. నిర్ణయం తర్వాత తెలియజేస్తారట.

జూన్ 24, మంగళవారం

నర్సమ్మని ఇంటికి పంపారు. నేను దానిమ్మ పండ్లతో వెళ్లాను. వాటిని చూసి, నాకు పండ్లు ఒలుసుకునే చెయ్యి ఏది అంది. ఒలిచి గిన్నెలో పెట్టాను. తింటూ అసలు మాట చెప్పింది. హౌస్‌కీపింగ్ ఏజెన్సీలో ఒక పద్ధతి ఉందట. పనిమనిషి రాకపోతే తన బదులు మనిషిని తనే పంపుకోవాలి. వారంపాటు ఎవరూ పోకపోతే ఆ జాగా ఇంకొకరిది. వారానికి ఇంక ఒక్క దినమే ఉన్నది, నా అక్కచెల్లెండ్లంత ఊర్ల నాట్లకు పోయిన్రు, ఎవర్ని పంపాలె అంది.

ఎవరినైనా జీతానికి మాట్లాడతాను అన్నాను. జీతానికి పెట్టినామె జీతం రుచి చూసినంక నా జాగ ఇడుస్తదా అంది. కొంచెంసేపు గింజలు నమిలింది. నువ్వు వస్తవా అంది.

నవ్వింది అనుకుని మొహం చూశాను. నవ్వలేదు. పొద్దుగాల ఐదున్నర సంది తొమ్మిదింటి దాక, నీ ఆఫీసు పదింటికి గద, నా చెయ్యి మొదటోలె అయ్యేదాక అంది. నా దగ్గర జోకు ఒకటి తయారుగా ఉంది. చాలా మంచి జోకు. బయటికి రాలేదు.

చెయ్యి మామూలుగా కాకపోతే అని అడగలేదు. ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు.

జూన్ 25, బుధవారం

ఆకుపచ్చ కోటు. వెనక ఏజెన్సీ పేరు. సూపర్‌వైజర్‌కి మనుషుల లెక్క సరిపోతే చాలు, నా మొహం వైపు చూడలేదు. గ్రూపులో ఉదయం ఏడింటికే నా ఫొటో వచ్చింది. ఈసారి దండాలు లేవు, నవ్వులు ఉన్నాయి. పద్నాలుగు అంతస్తులు, రెండు బ్లాకులు. తడి నేల మీద నడుచుకుంటూ పోయేవాళ్ల చెప్పుల గుర్తులు ఎన్ని రకాలుగా ఉంటాయో ఇంతకుముందు తెలియదు. నేను కూడా అలాగే నడిచేదాన్ని.

బి బ్లాక్ ఆరో అంతస్తు కారిడార్ పూర్తిగా వంగి తుడవలేకపోయాను. వీపు మా బాల్కనీ వైపు పెట్టాలంటే భయం వేసింది.

జూన్ 27, శుక్రవారం

ఒళ్లు నొప్పులు. గేటు దగ్గర కుమార్, బి బ్లాక్‌ల నీళ్లు రాలే, కింద సంపుకెళ్లి పట్టుకో అన్నాడు. ఫ్లాట్ నంబర్ అడిగిన రోజు తర్వాత నాతో అన్న మొదటి మాట.

జూన్ 29, ఆదివారం

నర్సమ్మ వచ్చింది, కట్టు లేకుండా. మాప్ కర్ర అడిగి తీసుకుని ఎడమచేత్తో పట్టుకుంది. మూడు వేళ్లు పట్టాయి. రెండు పట్టలేదు. కర్ర మళ్లీ నా చేతిలో పెట్టి, మూలకు వదిలిపెట్టినవ్ చూడు అంది.

తుడిచాను.